రక్తకణాలు చెప్పే వికిరణ మోతాదు: ప్రయోగశాల పద్ధతుల విశ్వసనీయత – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
వికిరణానికి గురైన వ్యక్తి శరీరం ఎంత మోతాదు గ్రహించిందో అతని రక్తంలోని లసికాకణాల ద్వారా అంచనా వేసే శాస్త్రాన్ని జీవమోతాదు మాపనం అంటారు. ఇందులో ద్వికేంద్ర క్రోమోజోముల లెక్కింపు అత్యంత విశ్వసనీయమైనదిగా పేరొందింది. ఆ విశ్వసనీయత ఏ హద్దులలో నిలుస్తుంది, ఎక్కడ సడలుతుంది, పరీక్షాఫలితంలోని ‘సున్న’ను ఎలా చదవాలి అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సూక్ష్మకేంద్రకాలు, స్థానాంతరణాలు, గామా-హెచ్2ఏఎక్స్ బిందువులు వంటి ఇతర సూచికలను కూడా ఇదే దృష్టితో చర్చిస్తుంది.

కీలకపదాలు: వికిరణం, లసికాకణాలు, ద్వికేంద్ర క్రోమోజోమ్, సూక్ష్మకేంద్రకం, మోతాదు అంచనా, అనిశ్చితి, గోయానియా, మాయాపురి.

1. ఉపోద్ఘాతం:

పారిశ్రామిక రేడియోగ్రఫీలోను, ఆసుపత్రుల రేడియోథెరపీ విభాగాలలోను పనిచేసేవారు ఛాతీపై ఒక చిన్న బ్యాడ్జిని ధరిస్తారు. అందులోని ఉష్ణసందీప్తి బిళ్ళలు వికిరణశక్తిని నిల్వచేసుకొని, ప్రయోగశాలలో వేడిచేసినప్పుడు కాంతిగా విడుదల చేస్తాయి. ఆ కాంతిని కొలిచి ఆ వ్యవధిలో ఉద్యోగి పొందిన మోతాదును నిర్ణయిస్తారు. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి విధించిన పరిమితి ప్రకారం ఈ మోతాదు ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులను, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్టులను మించరాదు.

అయితే బ్యాడ్జి నమోదు చేసేది బ్యాడ్జికి తగిలిన వికిరణాన్ని మాత్రమే. దానిని ధరించిన మనిషి ఆ సమయంలో అక్కడే ఉన్నాడా, లేక విప్పిన చొక్కాతోపాటు బ్యాడ్జి కూడా కిరణమూలం ఉన్న గదిలో ఉండిపోయిందా అన్నది దానికి తెలియదు. ఇందుకు విపర్యయంగా, బ్యాడ్జిని పెట్టెలో భద్రపరచి పనికి దిగిన మనిషి విషయంలో అది శుభ్రమైన సున్నను చూపుతుంది. మాయాపురి పాతసామాను వ్యాపారుల వంటివారికైతే అసలు బ్యాడ్జియే ఉండదు. ఇటువంటి సందర్భాలన్నిటిలో మిగిలే సాక్షి మనిషి రక్తమే. ఆ సాక్ష్యంపై ఒక ఉద్యోగి జీవనోపాధి, నష్టపరిహారం, ఒక్కోసారి చికిత్సావిధానం కూడా ఆధారపడతాయి. కనుక సాక్షిని ఎంతవరకు నమ్మవచ్చో తెలుసుకోవడం పండితచర్చకు మాత్రమే పరిమితమైన విషయం కాదు.

2. ద్వికేంద్ర క్రోమోజోమ్ – సాక్ష్యపు స్వభావం:

క్రోమోజోముకు సహజంగా ఒకే కేంద్రబిందువు ఉంటుంది. కణవిభజన సమయంలో క్రోమోజోమును పట్టి లాగే తంతువులు ఈ బిందువు వద్దనే తగులుకొంటాయి. అయనీకరణ వికిరణం రెండు వేర్వేరు క్రోమోజోములలో డీఎన్ఏ జంటపోగులను తెంచినప్పుడు కణం ఆ కొసలను అతికించే ప్రయత్నం చేస్తుంది. తెగిన రెండు ముక్కలు తారుమారుగా అతికితే, రెండు కేంద్రబిందువులు గల ఒక క్రోమోజోము, ఏ కేంద్రబిందువూ లేని ఒక శకలం ఏర్పడతాయి. మొదటిదే ద్వికేంద్ర క్రోమోజోమ్. వికిరణం, వికిరణాన్ని పోలి పనిచేసే కొద్దిపాటి ఔషధాలు తప్ప ఇతర కారణాలవల్ల ఇది ఏర్పడడం అరుదు. వికిరణానికి గురికాని వారిలో సుమారు వేయి కణాలకు ఒకటి మాత్రమే కనిపిస్తుంది. ఈ పద్ధతి బలమంతా ఈ తక్కువ నేపథ్యసంఖ్యలోనే ఉంది.

రక్తంలోని లసికాకణాలు సాధారణంగా విభజన చెందకుండా విశ్రాంతదశలో ఉంటాయి. శరీరమంతటా తిరుగుతూ ఉంటాయి కాబట్టి ఎక్కడ తగిలిన దెబ్బనైనా మోసుకొని వస్తాయి. 1960లో ఫైటోహీమగ్లుటినిన్ అనే చిక్కుడుజాతి పదార్థంతో వీటిని గాజుపాత్రలో విభజింపజేయవచ్చునని పీటర్ నోవెల్ చూపిన తరువాతనే ఈ పరీక్ష సాధ్యమైంది. 1962లో అమెరికాలోని హాన్‌ఫర్డ్ ప్లుటోనియం కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో వికిరణానికి గురైనవారి క్రోమోజోములను బెండర్, గూచ్ అనే పరిశోధకులు పరిశీలించి 1966లో ప్రకటించిన ఫలితాలు ఈ రంగానికి తొలి పునాదులలో ఒకటి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1986లోను, 2001లోను, 2011లోను ప్రచురించిన కరదీపికలు, 2004లో వెలువడిన ఐఎస్ఓ 19238 ప్రమాణం ఈ పద్ధతికి నియమబద్ధతను కల్పించాయి.

పరీక్షాక్రమం చెప్పడానికి సులభం. హెపారిన్ కలిపిన గొట్టంలో రక్తం తీసి, 37 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 48 గంటలు పెంచి, కణాలను విభజన మధ్యదశలో ఆపి, గాజుపలకపై పరచి, రంగువేసి, సూక్ష్మదర్శినితో ఒక్కొక్క కణాన్నీ చూస్తూ ద్వికేంద్రకాలను లెక్కించాలి. వచ్చిన సంఖ్యను అదే ప్రయోగశాల ముందుగా తయారుచేసుకొన్న ప్రామాణిక వక్రరేఖతో పోల్చాలి. గామా కిరణాలకు ఆ రేఖ సూత్రం ఇది:

కణానికి ద్వికేంద్రకాలు = నేపథ్యసంఖ్య + (ఆల్ఫా × మోతాదు) + (బీటా × మోతాదు వర్గం)

ఒకే కిరణమార్గం రెండు తెగుళ్ళనూ కలిగించినప్పుడు ఆల్ఫా పదం, రెండు వేర్వేరు కిరణమార్గాలు చెరొక తెగులును కలిగించినప్పుడు బీటా పదం వర్తిస్తాయి. ఈ వ్యాసంలోని లెక్కలకు కోబాల్ట్-60 కిరణాల విషయంలో ప్రచురితమైన విలువలకు దగ్గరగా ఉండే సంఖ్యలను ఉదాహరణగా తీసుకొన్నాను: నేపథ్యం 0.001, ఆల్ఫా 0.03, బీటా 0.06. ఇవి ఏ ఒక్క ప్రయోగశాలవీ కావు. వేరొకరి రేఖను అరువు తెచ్చుకొని మోతాదు చెప్పరాదన్నది ఈ రంగంలో మొదటి నియమం.

3. లెక్కింపులోని అనిశ్చితి:

పై రేఖ ప్రకారం 2 గ్రే మోతాదు పొందిన వ్యక్తిలో కణానికి 0.301 ద్వికేంద్రకాలు ఉండాలి. 50 కణాలు చూస్తే సుమారు 15 కనిపిస్తాయి. ద్వికేంద్రకాలు యాదృచ్ఛికంగా, పాయిజాన్ వితరణను అనుసరించి ఏర్పడతాయి గనుక, 15 అన్న లెక్క వెనుక ఉన్న నిజమైన సగటు 95 శాతం నమ్మకంతో 8 నుండి 25 వరకు ఎంతైనా కావచ్చు. మోతాదులోకి మారిస్తే అది 1.4 నుండి 2.6 గ్రే వరకు అవుతుంది. అదే వ్యక్తి రక్తంలో 500 కణాలు చూసి 150 ద్వికేంద్రకాలు లెక్కిస్తే ఆ పరిధి 1.8 నుండి 2.2 గ్రేకు కుంచించుకుపోతుంది. పరీక్ష అదే, రక్తం అదే, చూసే మనిషి కూడా అతడే. మారినది అతడు వెచ్చించిన కాలం మాత్రమే.

సామూహిక ప్రమాదాలలో ప్రతి వ్యక్తికీ 500 కణాలు చూడడం అసాధ్యం. అందుకే మొదటి వడపోతకు 50 కణాలు లేదా 30 ద్వికేంద్రకాలు చాలునని, పూర్తి అంచనాకు 500 కణాలు లేదా 100 ద్వికేంద్రకాలు కావాలని మార్గదర్శకాలు నిర్దేశించాయి. ఎముకమజ్జను కాపాడే చికిత్స ఎవరికి వెంటనే కావాలో తేల్చడానికి 50 కణాలు నిజంగానే చాలును. ఒక గ్రే పొందినవారినీ నాలుగు గ్రే పొందినవారినీ అది స్పష్టంగా వేరుచేస్తుంది. తగాదా వచ్చేది తక్కువ మోతాదుల వద్ద.

50 కణాలలో ఒక్క ద్వికేంద్రకమూ కనిపించలేదనుకొందాం. ‘వికిరణం సోకలేదు’ అనే నిర్ణయానికి రావడం సహజంగా తోస్తుంది. కానీ గణితం అలా చెప్పదు. నిజమైన సగటు 3 అయినప్పటికీ ఇరవైసార్లలో ఒకసారి సున్న వస్తుంది. 50 కణాలకు 3 అంటే కణానికి 0.06. అది పై రేఖపై దాదాపు 0.8 గ్రేకు సమానం. అంటే ఆ సున్న చెప్పగలిగినది ‘మోతాదు బహుశా 0.8 గ్రేకు మించలేదు’ అన్నంతవరకే. 500 కణాలలో సున్న వస్తే ఆ పైహద్దు 0.13 గ్రేకు దిగుతుంది. అప్పుడు కూడా అది ఉద్యోగి వార్షిక పరిమితికి నాలుగు రెట్లకు పైమాటే. ఈ పద్ధతి ఎంత నిపుణుల చేతిలోనైనా సుమారు 0.1 గ్రేకు దిగువన మోతాదును నిలకడగా గుర్తించలేదు. చట్టం విధించిన పరిమితి, పరీక్ష చూడగలిగిన హద్దు – ఈ రెండింటి మధ్య ఒక అఖాతం ఉంది. పరీక్షాపత్రంపై ‘సాధారణం’ అని ఒక్క మాట రాసి ఇవ్వడం ఆ అఖాతాన్ని కప్పిపుచ్చడమే అవుతుంది.

4. సమానంగా సోకని వికిరణం:

ప్రామాణిక రేఖను తయారుచేసేటప్పుడు పరీక్షనాళికలోని రక్తమంతటికీ ఒకే మోతాదు, కొద్ది నిమిషాలలో ఇస్తారు. నిజజీవితంలో ప్రమాదాలు అంత క్రమశిక్షణతో జరగవు.

2010 ఏప్రిల్‌లో ఢిల్లీలోని మాయాపురి పాతసామాను బజారులో బయటపడిన కోబాల్ట్-60 ఇందుకు ఉదాహరణ. ఢిల్లీ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగంలో చాలాకాలంగా వాడకంలోలేని గామా వికిరణ యంత్రం వేలంలో పాతసామానుగా అమ్ముడుపోయింది. దాని లోపలి సీసపు కవచాన్ని విప్పిన పనివారికి, చుట్టుపక్కల దుకాణాలవారికి వికిరణం సోకింది. ఒకరు మరణించారు. ఒక వ్యాపారి మెరిసే లోహపు ముక్కను తన డబ్బుసంచిలో పెట్టుకొని తిరిగాడని, ఆ సంచి ఉన్న వైపు అతనికి తీవ్రమైన కాలినగాయం ఏర్పడిందని అప్పట్లో విస్తృతంగా వార్తలు వచ్చాయి. అటువంటి వ్యక్తి శరీరంలో ఒకచోట కణజాలం మాడిపోయేంత మోతాదు, మరొకచోట నామమాత్రపు మోతాదు ఉంటాయి. సోకడం కూడా ఒక్క క్షణంలో కాక గంటలు, రోజులపాటు విడతలుగా జరుగుతుంది. అప్పుడు ‘మోతాదు ఎంత?’ అనే ప్రశ్నకు ఒక్క సంఖ్యతో సమాధానం చెప్పవచ్చునా?

ఇక్కడ రక్తకణాలు బ్యాడ్జికి చేతకాని ఒక పని చేస్తాయి. ఒక ఉదాహరణ చూద్దాం. 500 కణాలలో 60 ద్వికేంద్రకాలు కనిపించాయి. సగటు 0.12. శరీరమంతటికీ సమానంగా సోకిందనుకొంటే ఇది 1.2 గ్రే. అలాగే జరిగి ఉంటే, పాయిజాన్ సూత్రం ప్రకారం రెండు లేదా అంతకన్నా ఎక్కువ ద్వికేంద్రకాలున్న కణాలు మూడు మాత్రమే ఉండాలి. కానీ లెక్కలో అటువంటివి పన్నెండు కనిపిస్తే? దెబ్బతిన్న కణాలు దెబ్బతినని కణాలతో కలిసిపోయాయని అర్థం. చూసిన కణాలలో ఐదింట ఒక వంతు మాత్రమే కణానికి 0.6 ద్వికేంద్రకాల దెబ్బ తిన్నాయనుకొంటే ఈ వితరణ సరిగ్గా సరిపోతుంది. అప్పుడు ఆ భాగానికి సోకిన మోతాదు 2.9 గ్రే. సగటు దాచిపెట్టిన సంగతిని వితరణ బయటపెట్టింది. విస్తృతిని సగటుతో పోల్చే ‘యు’ పరీక్షలో విలువ 1.96ను మించితే పాక్షిక వికిరణాన్ని అనుమానించాలని నియమం. డాల్ఫిన్ ప్రతిపాదించిన కలుషిత పాయిజాన్ పద్ధతి ఈ విభజనను లెక్కకడుతుంది.

దీనికీ హద్దులున్నాయి. ఎక్కువ మోతాదు తిన్న కణాలలో చాలావరకు విభజనకు చేరకముందే చనిపోతాయి లేదా ఆలస్యంగా చేరుతాయి. కనుక గాజుపలకపై కనిపించే ఐదింట ఒక వంతు కన్నా శరీరంలో నిజంగా దెబ్బతిన్న భాగం పెద్దదే. పైగా లసికాకణాలలో సుమారు 2 శాతం మాత్రమే ఏ సమయంలోనైనా రక్తప్రవాహంలో ఉంటాయి. మిగిలినవి ప్లీహంలో, శోషరస గ్రంథులలో ఉంటాయి. అందువల్ల పాక్షిక వికిరణం అనుమానించినప్పుడు అవి కలిసిపోవడానికి ఒక రోజు ఆగి రక్తం తీయాలని సూచిస్తారు.

కాలవ్యవధి సమస్య మరింత సూక్ష్మమైనది. వికిరణం నెమ్మదిగా సోకితే, మొదటి తెగులు అతుక్కొన్న తరువాత రెండవది ఏర్పడుతుంది. ఆ రెండూ కలిసి ద్వికేంద్రకం కాలేవు. అంటే బీటా పదం క్షీణిస్తుంది. కణానికి 0.091 ద్వికేంద్రకాలంటే, కొద్ది నిమిషాలలో సోకినట్లయితే 1 గ్రే. వారాల తరబడి సోకినట్లయితే బీటా పదం పూర్తిగా పోయి అది 3 గ్రే అవుతుంది. ఒకే గాజుపలక, ఒకే లెక్క, మూడు రెట్ల తేడా! ఈ తేడాను తేల్చేది ప్రయోగశాల కాదు, బాధితునితో జరిపే సంభాషణ. మూలం ఎన్ని రోజులు ఇంట్లో ఉంది, ఎక్కడ పడుకొన్నాడు, ఏ జేబులో పెట్టుకొన్నాడు అని అడిగి రాసుకొన్న కాగితం లేకుండా పంపిన రక్తనమూనా సగం నమూనాయే.

5. కాలం గడిచిన కొద్దీ – గోయానియా పాఠం:

ద్వికేంద్రకం అస్థిరమైన మార్పు. కణం విభజన చెందేటప్పుడు రెండు కేంద్రబిందువులూ చెరొక వైపునకు లాగబడితే ఆ కణం నశించవచ్చు. అందువల్ల శరీరంలో కొత్త లసికాకణాలు పుట్టి పాతవి పోయేకొద్దీ ద్వికేంద్రకాల సంఖ్య తగ్గుతూ వస్తుంది. ఈ తగ్గుదలకు అర్ధకాలం మూడేళ్ళని చాలాకాలం అంగీకరిస్తూ వచ్చారు.

1987 సెప్టెంబరులో బ్రెజిల్‌లోని గోయానియా నగరంలో, పాడుబడిన రేడియోథెరపీ కేంద్రం నుండి సీసియం-137 మూలాన్ని పాతసామానుగా ఎత్తుకుపోయి విప్పారు. లోపలి పొడి చీకటిలో నీలికాంతితో మెరవడం చూసి ముచ్చటపడి బంధువులకు పంచిపెట్టారు. సుమారు 1,12,000 మందిని పరీక్షించగా 249 మందిలో కాలుష్యం కనిపించింది. నలుగురు మరణించారు. బాధితుల రక్తాన్ని ఏళ్ళ తరబడి అనుసరించిన రమాల్యో, ఆమె సహచరులు 1991లో ప్రకటించిన ఫలితం ఈ రంగాన్ని కలవరపెట్టింది. ఎక్కువ మోతాదు పొందినవారిలో ద్వికేంద్రకాల సగటు అర్ధకాలం మూడేళ్ళు కాదు, సుమారు 130 రోజులు మాత్రమే.

దీని పర్యవసానాన్ని లెక్కకట్టి చూడవచ్చు. 1 గ్రే పొందిన వ్యక్తి రక్తాన్ని 130 రోజుల తరువాత తీస్తే కణానికి 0.091కు బదులు 0.045 కనిపిస్తుంది. ఏ సవరణా లేకుండా చదివితే అది 0.65 గ్రే. మూడేళ్ళ అర్ధకాలంతో సవరించినా 0.68 గ్రేకు మించదు. ఏడాది గడిచాక తీస్తే పావు గ్రేకు కాస్త పైన మాత్రమే కనిపిస్తుంది. ఎముకమజ్జ తీవ్రంగా దెబ్బతిన్నవారిలో కణాలు త్వరగా పునరుత్పత్తి చెందుతాయి గనుక, ఎవరికి ఎక్కువ మోతాదు సోకిందో వారి సాక్ష్యమే త్వరగా చెరిగిపోతుంది. రక్తం నాలుగు వారాలలోపల తీయాలన్న సూచనకు బలం ఇదే. నెలల తరబడి ఫైలు నడిచి, విచారణసంఘం ఏర్పడి, ఆ తరువాత రక్తం తీసే పద్ధతిలో ‘ఏమీ కనిపించలేదు’ అన్న ఫలితం రావడం ఆశ్చర్యం కాదు. అది ఉద్యోగికి వ్యతిరేకంగా సాక్ష్యమూ కాదు.

పాత వికిరణానికి స్థానాంతరణాల లెక్కింపు మేలు. ఇందులో తెగిన ముక్కలు తారుమారై అతికినప్పటికీ ప్రతి క్రోమోజోముకూ ఒకే కేంద్రబిందువు మిగులుతుంది. కణం నిరాటంకంగా విభజన చెందగలదు. ప్రతిదీప్తి రంగులతో క్రోమోజోములకు ‘చిత్రలేఖనం’ చేసి, రెండు రంగులు కలిసిన చోటును వెదుకుతారు. అయితే వయసుతోపాటు ఈ స్థానాంతరణాలు సహజంగానే పెరుగుతాయి. పొగతాగేవారిలో మరికొంత ఎక్కువ. కనుక అరవై ఏళ్ళ వ్యక్తిలో స్వల్ప మోతాదును నేపథ్యం నుండి వేరుచేయడం కష్టం.

హిరోషిమా, నాగసాకి బాధితులలో స్థిరమైన క్రోమోజోమ్ మార్పుల అధ్యయనం ఒక అపురూపమైన తీర్పునిచ్చింది. నాగసాకి కర్మాగారాలలో ఉండి బతికినవారిలో, భౌతికశాస్త్ర లెక్కలు చెప్పిన మోతాదుకు తగినన్ని మార్పులు కనిపించలేదు. పొరపాటు రక్తంలో కాక, ఆ భవనాలూ యంత్రాలూ ఇచ్చిన రక్షణను తక్కువగా అంచనా వేసిన లెక్కలలో ఉందన్న అనుమానం బలపడింది. 2002లో రూపొందిన కొత్త మోతాదు విధానంలో వారి విలువలను సవరించారు. జీవకణం భౌతికశాస్త్రాన్ని దిద్దిన సందర్భాలు తరచుగా దొరకవు.

6. ఇతర సూచికలు:

సూక్ష్మకేంద్రకాల పద్ధతిని 1985లో ఫెనెక్, మార్లీ ప్రస్తుత రూపానికి తెచ్చారు. సైటోకలాసిన్-బి అనే పదార్థంతో కణద్రవ్య విభజనను ఆపితే, ఒకసారి విభజన చెందిన కణం రెండు కేంద్రకాలతో మిగిలిపోతుంది. వెనుకబడిన క్రోమోజోమ్ శకలాలు పక్కన చిన్న కేంద్రకాలుగా కనిపిస్తాయి. ఆకారం సులభంగా గుర్తుపట్టవచ్చు గనుక శిక్షణ తక్కువ చాలును, యంత్రంతో లెక్కించడమూ తేలిక. కానీ నేపథ్యసంఖ్య చాలా ఎక్కువ, వ్యక్తికీ వ్యక్తికీ మారుతుంది కూడా. స్త్రీలలో పురుషులకన్నా ఎక్కువ. వయసుతో పెరుగుతుంది. ఫోలేటు, బి12 విటమిన్ల లోపం కూడా దీనిని పెంచుతుంది. బి12 లోపం విస్తారంగా ఉన్న మన దేశంలో ఈ విషయాన్ని విస్మరించి, యూరోపియన్ నేపథ్యసంఖ్యతో పోల్చడం తప్పుదోవ పట్టిస్తుంది. మామూలుగా 0.2 నుండి 0.3 గ్రే వరకు దీని చూపు హద్దు. కేంద్రబిందువులకు రంగువేసి సహజ సూక్ష్మకేంద్రకాలను ఏరివేస్తే ఆ హద్దు తగ్గుతుంది.

గామా-హెచ్2ఏఎక్స్ పద్ధతి 1998లో రొగాకౌ, బానర్ తదితరుల పరిశోధనతో మొదలైంది. డీఎన్ఏ జంటపోగులు తెగినచోట చేరే ఈ మార్పుచెందిన ప్రోటీను ప్రతిదీప్తి బిందువులుగా మెరుస్తుంది. కణాలను పెంచనక్కరలేదు. కొద్ది గంటలలో ఫలితం వస్తుంది. దీనిపట్ల ఉత్సాహం సహేతుకమే. కానీ బిందువులు అరగంటకు పతాకస్థాయికి చేరి, మరమ్మత్తు సాగేకొద్దీ ఒక రోజులో చాలావరకు మాయమవుతాయి. సోకిన గడియ కచ్చితంగా తెలియకపోతే బిందువుల సంఖ్యకు అర్థం లేదు. రక్తం గొట్టంలో ఉన్నప్పుడు కూడా, వెచ్చగా ఉంటే మరమ్మత్తు సాగుతూనే ఉంటుంది. తోకచుక్క ఆకారాన్ని బట్టి డీఎన్ఏ తెగుళ్ళను కొలిచే కామెట్ పద్ధతికీ ఇదే బలహీనత. దానికితోడు అనేక రసాయనాల ప్రభావం కూడా అందులో కనిపిస్తుంది. పరిశోధనకు అది మంచి పనిముట్టు. ఒక ఉద్యోగి మోతాదును నిర్ధారించడానికి ఒంటరిగా వాడదగినది కాదు.

మోతాదు మరీ ఎక్కువైతే సమస్య తలకిందులవుతుంది. 5, 6 గ్రేలు దాటాక లసికాకణాలు తగినన్ని మిగలవు, మిగిలినవి విభజనకు రావు. 1999 సెప్టెంబరు 30న జపాన్‌లోని తొకైమురా ప్రమాదంలో, కణాలను రసాయనికంగా తొందరపెట్టి క్రోమోజోములను అకాలంగా ఘనీభవింపజేసి, వాటిలోని వలయాలను లెక్కించారు. ముగ్గురిలో ఇద్దరిని వైద్యం రక్షించలేకపోయింది. అయినా మోతాదు అంచనా ఆ స్థాయిలో కూడా సాధ్యమని తేలింది.

7. రక్తం ప్రయాణం, కన్ను శిక్షణ:

విశ్వసనీయత గురించిన చర్చ సాధారణంగా సూక్ష్మదర్శిని వద్ద మొదలవుతుంది. నిజానికి అది రక్తం తీసిన క్షణంలోనే మొదలుకావాలి. ఇటువంటి పరీక్ష చేసే ప్రయోగశాలలు మన దేశంలో అన్నిచోట్లా లేవు. విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో తీసిన రక్తం ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రానికి చేరాలంటే వేసవి ఎండలో ఒక ప్రయాణం ఉంది. గొట్టం సుమారు 20 డిగ్రీల వద్ద ఉండాలి. గడ్డకట్టించరాదు, వేడెక్కనీయరాదు. మామూలు రక్తపరీక్షలకు వాడే ఈడీటీఏ గొట్టం పనికిరాదు, హెపారిన్ గొట్టమే కావాలి. విమానాశ్రయంలో పొట్లానికి ఎక్స్-కిరణాలు తగలరాదని పైన రాయాలి. లోపల ఒక మోతాదు బిళ్ళను కూడా పెట్టి పంపితే దారిలో ఏమైనా సోకిందా లేదా అన్న వాదానికి తావుండదు. ఇవన్నీ చిన్న విషయాలుగా తోచవచ్చు. కానీ కణాలు పెరగకపోతే రెండవసారి రక్తం తీసేలోగా విలువైన రోజులు పోతాయి.

పెంపకంలో కూడా ఒక గోతి ఉంది. 48 గంటలలో కొన్ని కణాలు రెండవ విభజనకు చేరిపోతాయి. అటువంటి కణాలలో ద్వికేంద్రకాలు దాదాపు సగం నశించి ఉంటాయి. అవి లెక్కలో కలిస్తే మోతాదు తక్కువగా కనిపిస్తుంది. ప్రత్యేకమైన రంగుపద్ధతితో మొదటి విభజన కణాలను గుర్తించి వాటినే లెక్కించాలి. ఇక కన్ను. రెండు క్రోమోజోములు ఒకదానిపై ఒకటి పడినా, ఒకటి మెలిక తిరిగినా ద్వికేంద్రకంలా కనిపిస్తాయి. అందుకే కణంలో 46 కేంద్రబిందువులు పూర్తిగా ఉండాలని, ద్వికేంద్రకానికి జతగా కేంద్రబిందువు లేని శకలం కనిపించాలని నియమం. గాజుపలకలపై పేర్లకు బదులు సంకేతాలుండాలి. ఎవరి రక్తమో తెలిసిన కన్ను తనకు తెలియకుండానే వెదకడం మొదలుపెడుతుంది. కంప్యూటరు కార్యక్రమాలు వేగంగా లెక్కిస్తాయి గానీ నిజమైన ద్వికేంద్రకాలలో గణనీయమైన భాగాన్ని విడిచిపెడతాయి. యంత్రపు లెక్కను యంత్రంతోనే తయారుచేసిన రేఖతో పోల్చినంతవరకు అది దోషం కాదు. మనిషి గీసిన రేఖపై యంత్రపు లెక్కను పెట్టడమే దోషం.

యూరోపులోని రెనెబ్ వంటి ప్రయోగశాలల సమాహారాలు ఒకే రక్తాన్ని, మోతాదు చెప్పకుండా, సభ్యులందరికీ పంపి ఫలితాలను పోల్చిచూస్తాయి. ఒక ప్రయోగశాలను నమ్మాలా వద్దా అన్నదానికి పరికరాల జాబితా కన్నా, ఇటువంటి పోలికలో అది చివరిసారి ఎప్పుడు పాల్గొన్నది, నిజమైన మోతాదుకు ఎంత దగ్గరగా చెప్పగలిగింది అన్న రెండు ప్రశ్నలే మంచి కొలబద్ద.

8. నివేదికను చదివే పద్ధతి:

ఇద్దరు ఉద్యోగులను ఊహిద్దాం. ఒకరి బ్యాడ్జి 400 మిల్లీసీవర్టులు, రెండవవారి బ్యాడ్జి 60 మిల్లీసీవర్టులు చూపింది. ఇద్దరి రక్తంలోనూ 1000 కణాలు పరిశీలించగా ఒక్కొక్క ద్వికేంద్రకమే కనిపించింది. గామా కిరణాలకు గ్రే, సీవర్టు సంఖ్యలు సమానంగా తీసుకోవచ్చు. మొదటివారికి 0.4 గ్రే ఒక్కసారిగా సోకి ఉంటే దాదాపు 23, మూడు నెలలపాటు నెమ్మదిగా సోకి ఉంటే 13 ద్వికేంద్రకాలు కనిపించాలి. కనిపించినది ఒకటే. ఆ మోతాదు అతని శరీరమంతటికీ సోకలేదని, బ్యాడ్జికి మాత్రమే సోకి ఉండవచ్చునని ధైర్యంగా చెప్పవచ్చు. రెండవవారికి 0.06 గ్రే సోకి ఉంటే కనిపించవలసినవి 3. మూడు రావలసిన చోట ఒకటి లేదా సున్న రావడం ఐదింట ఒకసారి జరిగేదే. ఈ రక్తపరీక్ష అతని బ్యాడ్జిని ఖండించలేదు, సమర్థించనూ లేదు.

ఇద్దరికీ ‘క్రోమోజోమ్ పరీక్ష సాధారణం’ అన్న ఒకే వాక్యం అందితే మొదటివారికి న్యాయం, రెండవవారికి అన్యాయం జరుగుతాయి. నివేదికలో చూసిన కణాల సంఖ్య, ద్వికేంద్రకాల సంఖ్య, కణాలలో వాటి వితరణ, వాడిన రేఖ, సోకిన తేదీకి రక్తం తీసిన తేదీకి మధ్య వ్యవధి, 95 శాతం నమ్మకంతో పైహద్దు తప్పక ఉండాలి. రెండవ ఉద్యోగి నివేదికలో ఆ చివరి పంక్తి ఇలా ఉండాలి: ‘ఒక్కసారిగా సోకినట్లయితే మోతాదు 0 నుండి 120 మిల్లీగ్రేల మధ్య, మూడు నెలలలో నెమ్మదిగా సోకినట్లయితే 0 నుండి 150 మిల్లీగ్రేల మధ్య ఉండవచ్చు. బ్యాడ్జి చూపిన విలువ ఈ పరిధిలోనిదే.’ ఆ వాక్యం అతని చేతిలో ఉంటే, బ్యాడ్జి విలువను అతని మోతాదు పట్టికనుండి కొట్టివేయాలా వద్దా అన్న నిర్ణయం రక్తపరీక్షపై కాక, పనిచోటు విచారణపై ఆధారపడుతుంది.